మామయ్యకి నీళ్ళిచ్చిన పూట

గేటు దగ్గర "అగో" అన్న గొంతు వినపడేసరికి అచియా చేతిలో గరిటె జారి పామ్‌కాయల పులుసులో మునిగిపోయింది, మునిగితే మునిగింది, తర్వాత తీసుకోవచ్చు, ఆ గొంతు మామయ్యది, మూడేళ్ళయినా మారలేదు, కాస్త బొంగురు, కాస్త సాగతీత, చివర్లో పైకి లేస్తుంది, చిన్నప్పుడు ఆ గొంతు వింటే చాలు నిద్రలోంచి లేచి పరిగెత్తేది, ఇప్పుడు పదకొండేళ్ళొచ్చాయి, పరిగెత్తకూడదు, పెద్దలున్న ముంగిట్లోకి దూకుతూ రాకూడదు, నడిచి రావాలి, అదీ పిలిస్తేనే. పిలుస్తారు, నీళ్ళు నువ్వే ఇవ్వాలని అమ్మ పొద్దున్నే చెప్పేసింది కదా. అగో అన్నవాడికి అమే అని ఇంటి పెద్ద పలకాలి, పలికితేనే లోపలికి అడుగు పెట్టాలి, ఇంటి పెద్ద అంటే అమ్మమ్మ, అమ్మమ్మ వసారాలో తన పొట్టి పీట మీద కూర్చుని ఉంది, వంటింటి తలుపు సందులోంచి ఆమె వీపు కనిపిస్తోంది, నిటారుగా ఉంది, కదలడం లేదు, పలకడం లేదు. పలుకు అమ్మమ్మా, పలుకు, నీకేం పోయింది, ఒక్క మాటే కదా. మళ్ళీ "అగో" అన్నాడు మామయ్య, ఈసారి చివర పైకి లేవలేదు. అప్పుడు అమ్మమ్మ "అమే" అంది, పక్కింటివాడు నిప్పు కోసం వస్తే అన్నట్టు అంది, అయినా అంది, అచియా పక్కనున్న అమ్మ చేతిని పట్టుకుని గట్టిగా నొక్కేసింది.

"గరిటె ఏదే?" అంది అమ్మ, ఎక్కడో ఆలోచిస్తూ. పొద్దున్నుంచీ ఆమె మూడుసార్లు ముంగిలి ఊడ్చింది, నాలుగోసారి ఊడ్వబోతే అమ్మమ్మ చూసిన చూపుకి చీపురు పక్కన పెట్టేసింది. నిన్న సాయంత్రం పక్కింటి ద్వొమో తాత వచ్చి మీ అబ్బాయి సర్పాంగ్ రేపు సున్యాని ఊరి నుంచి వస్తున్నాడు, నలుగురి ముందూ క్షమాపణ అడుగుతాడట అని చెప్పి వెళ్ళాక ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు, అమ్మమ్మ తప్ప, అమ్మమ్మ ఎప్పటికన్నా రెండు ముద్దలు ఎక్కువే తింది, కావాలనే తింది. రాత్రి పక్క వేస్తూ అమ్మ చెవిలో చెప్పింది, "రెండుసార్లు మనుషుల చేత చెప్పించాడే మీ మామయ్య, రెండుసార్లూ మీ అమ్మమ్మ విననట్టే ఊరుకుంది. రేపు కూడా కుదరకపోతే వాడు మరి ఈ గడప తొక్కడు. నాకు ఉన్నది ఒక్క అన్న." అంతే చెప్పి అటు తిరిగి పడుకుంది. అచియా పైకప్పు రేకుల కేసి చూస్తూ ఉండిపోయింది, కుదురుతుంది, కుదరాలి, కుదరకపోతే అది అమ్మమ్మ వల్లా కాదు మామయ్య వల్లా కాదు, ఎవరి వల్లో తనొక్కదానికే తెలుసు.

అందరూ అనుకునేది వేరు. అందరూ అనుకునేది ఆ మాట. ఆ రోజు వాన కురిసి వెలిసింది, ఈ వసారాలోనే, ఇవే బల్లల మీద వంశం పెద్దలు నలుగురు కూర్చున్నారు, మామయ్య కట్టించిన వెనక గది చిన్నమ్మమ్మకివ్వాలా వద్దా అన్నది తగువు, అమ్మమ్మ అంది, నువ్వే కదురా ఒప్పుకున్నావు అని, మామయ్య లేచి నిలబడి, అబద్ధమాడకమ్మా అన్నాడు. అంతే. మిగతా దేశాల్లో ఏమంటారో అచియాకి తెలియదు, ఈ ఇంట్లో పెద్దవాళ్ళని ఆ మాట అనడం కన్నా వాళ్ళ పీట తీసి వీధిలో పారేయడం నయం. నేను విన్నది వేరేలా ఉంది సెబే అనాలి, నాకు గుర్తున్నది ఇది కాదు సెబే అనాలి, సెబే అంటే నొచ్చుకోకండి, ఈ మాట అనక తప్పడం లేదు అని, అచియాకి అన్నం అన్న మాటతో పాటు వచ్చిన మాట అది, కాలు అనాలన్నా సెబే, పేడ అనాలన్నా సెబే, ఒకసారి సెబే ఎక్కువై టీచరుగారు సెబే, బ్లాక్‌బోర్డు సెబే అనేస్తే అమ్మమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అంత నేర్పిన అమ్మమ్మ కన్న కొడుకు, నలుగురి ముందూ, సెబే లేకుండా. వంశం పెద్దలు నలుగురూ నేల చూశారు. మామయ్య కూడా ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని చూసుకుని భయపడ్డట్టు నోరు మూసుకున్నాడు, తర్వాత వెళ్ళిపోయాడు, వెళ్ళొస్తానని అడక్కుండా, పెద్దల ముందు విడిచిన చెప్పులు తొడుక్కోకుండా, బురదలో ఉత్తి కాళ్ళతో.

ఆ చెప్పులు. ఎనిమిదేళ్ళ అచియా వంటింటి గుమ్మంలో కూర్చుని ఫుఫు ముద్ద పులుసులో అద్దుకుని తింటోంది, కుడి చెయ్యి మణికట్టు దాకా పులుసు, మామయ్య చెప్పుల్లేకుండా పోతున్నాడని తనొక్కతే చూసింది, ఎగిరి దూకి చెప్పులు అందుకుని గేటు దాకా పరిగెత్తి ఇచ్చింది. ఏ చేత్తో. ఏ చేత్తోనంటే, సెబే, ఎడమ చేత్తో. కుడి చేతికి పులుసుంది కదా, మామయ్యవి కొత్త తోలు చెప్పులు, పులుసంటితే పాడైపోతాయని, చెయ్యి తుడుచుకోకుండా, ఆలోచించకుండా, రెండేళ్ళ పిల్ల కూడా చెయ్యని పని, ఆ చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వరు, ఆ చేత్తో దారి చూపించరు, ఆ చేత్తో అప్పుడే పుట్టిన వాళ్ళకి చెయ్యి కూడా ఊపరు, అలాంటి చేత్తో, తగువు పడి బయటికి పోతున్న మనిషికి, అదీ చెప్పులు. ఇంట్లోంచి పొమ్మన్నట్టు. మామయ్య ఆ చేతి కేసి చూశాడు, అచియా బాగా చూసింది, చూశాడు, చెప్పులు తీసుకున్నాడు, ఒక్క మాట అనలేదు, రోడ్డెక్కి పోయాడు. తర్వాత అమ్మ రోజూ అనుకునేది, అంత మాటన్నాడు కదా, సిగ్గు, అందుకే రావడం లేదని. చిన్నమ్మమ్మ అనేది, రోషం. అచియాకి తెలుసు, ఇంటి మాట ఇంటి పిల్ల చేత్తో చెప్పేసింది, అందుకే రావడం లేదు. మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. స్కూల్లో తప్పు చేసి నిలబడ్డ ప్రతిసారీ, అనారోగ్యం చేసిన ప్రతిసారీ, ఇందుకే అనుకునేది, మూడేళ్ళు ఎడమ చెయ్యి బట్టలోకి దోపుకుని తిరిగింది, దానికి అది అలవాటై ఇప్పుడు ఉతికేటప్పుడు కూడా ఆలస్యంగా బయటికొస్తుంది.

వచ్చారు, వచ్చేశారు, మామయ్యా ఇంకొకాయనా. ఇంకొకాయన పొట్టిగా, గుండ్రంగా, బట్ట భుజం మీద మడతలు సరిచేసుకుంటూ, ఆయన బెదియాకో అట, సున్యానిలో మామయ్య నేస్తం, మామయ్య మాట చెప్పడానికి వచ్చిన మనిషి. ఇంత పెద్ద విషయం సొంత నోటితో అడగరు, వేరే నోరు తెచ్చుకుంటారు, ఇక్కడ అమ్మమ్మ కూడా సొంతంగా పలకదు, ద్వొమో తాతకి చెబుతుంది, మూడు బారల దూరంలో ఉన్న మనిషికి వినపడినా వినపడనట్టే, తాత దాన్ని మళ్ళీ అందిస్తాడు, వేడి మాటని ఊది చల్లార్చి ఇస్తాడు, అందుకే ఆయన్ని పిలుస్తారు. మామయ్య సన్నబడ్డాడు. చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు. వసారా మెట్టు దగ్గర ఆగి చెప్పులు విడిచాడు, భుజం మీది బట్ట దించి నడుముకి చుట్టుకున్నాడు, ఛాతీ కనబడేలా, రాజుగారి ముందు దించినట్టు దించాడు, అమ్మ వంటింట్లో ముక్కు ఎగబీల్చింది. కుడి చివర నుంచి చెయ్యి కలపడం మొదలుపెట్టాడు, అచియా లెక్కపెట్టింది, కుడి చివర ద్వొమో తాత, తర్వాత చిన్నమ్మమ్మ, తర్వాత అమ్మమ్మ, ఎవరినీ దాటలేదు, ఎవరినీ ముందుకి లాగలేదు, ఎంత ఇష్టమైన మనిషి ఎడమ చివర కూర్చున్నా నీ వంతు వచ్చేదాకా ఆ మనిషి కేసి చెయ్యి చాచకూడదు, అచియా అయిదేళ్ళప్పుడు ఒక చావింట్లో వరసగా వంద మందికి అలా చెయ్యి కలిపింది, అరవయ్యో మనిషి దగ్గర నిద్రొచ్చి తూలితే అమ్మమ్మ వీపు మీద వేలితో పొడిచింది, ఇంకా నలభయ్యే ఉన్నారు నడువు అంది.

అమ్మమ్మ దగ్గరికొచ్చాడు. వంగాడు. కుడి చెయ్యి చాచాడు. అమ్మమ్మ చూసింది. తీసుకుంటుందా తీసుకోదా, వచ్చిన అతిథి చెయ్యి తీసుకోకపోవడం అమ్మమ్మ చెయ్యదు, తను నేర్పిందాన్ని తను తప్పదు, తీసుకుంది, వేళ్ళ చివరలతో, వేడి కుండ పట్టుకున్నట్టు, వదిలేసింది. అయినా తాకింది. అచియా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే పళ్ళెంలో గ్లాసులు గలగలమంటాయేమో అనుకుంది, పళ్ళెం ఇంకా ఎత్తలేదని అప్పుడు చూసుకుంది.

"నీళ్ళు," అంది అమ్మమ్మ, ఎవరికో.

ఇదిగో, ఇదే. పొద్దున్న కుడి చెయ్యి నాలుగుసార్లు సబ్బు పెట్టి తోమింది, గోళ్ళు చిన్నమ్మమ్మ బ్లేడుతో తీసుకుంది, పళ్ళెం రెండు చేతులా పట్టుకోవచ్చు కానీ గ్లాసు ఇచ్చేది ఒక్క చెయ్యి, పళ్ళెం ఎడమ చేతి మీద నిలబెట్టి కుడి చేత్తో ఇవ్వడం, అదొక విద్య, నిన్నటి నుంచి, కాదు, వస్తాడని తెలియక ముందు నుంచీ, మూడేళ్ళ నుంచీ పెరట్లో ఖాళీ గ్లాసులతో కోళ్ళకి ఇచ్చి ఇచ్చి నేర్చుకుంది. నడు. మెల్లగా. కాళ్ళు ఈడ్చకు. ముందు పెద్దాయనకి, బెదియాకోగారికి, ఆయన తాగుతున్నంతసేపూ కదలకూడదు, గోడలా నిలబడాలి, ఆయన ఎంతసేపు తాగుతాడు, దేవుడా, ఒంటెలా తాగుతున్నాడు, చివరి చుక్క మిగిల్చి నేల మీద ఒంపాడు, పూర్వీకులకి, గ్లాసు ఇచ్చేశాడు. ఇప్పుడు మామయ్య. పైకి చూడకూడదు, పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడడం పొగరు, కానీ గ్లాసు అందేటప్పుడు వేళ్ళు కనిపిస్తాయి, మామయ్య వేళ్ళు, డ్రైవరు వేళ్ళు, చూపుడువేలి మీద పాత కోత, ఆ వేళ్ళు చిన్నప్పుడు అచియా చెవి పట్టుకుని, ఎవరైనా పనికి పంపితే ఎక్కడికి పంపారో అక్కడికి వెళ్ళి, ఏం చెప్పారో అదే చెప్పి, ఏం అన్నారో అదే తెచ్చి చెప్పాలి, మధ్యలో ఒక్క ముక్క నీది కలపకూడదు అని నేర్పిన వేళ్ళు. తీసుకున్నాడు. కుడి చేత్తోనే ఇచ్చాను మామయ్యా చూడు, చూస్తున్నావా, కుడి. ఆయన గ్లాసు కేసే చూస్తున్నాడు. తాగడం లేదు. అప్పుడు తాగాడు, ఒక్క గుక్కలో, నేల మీద ఒంపడానికి చుక్క మిగిలిందో లేదో.

అచియా వెనక్కి నడిచి స్తంభం పక్కన ఆగింది. వంటింట్లోకి పోవాలి నిజానికి. పిల్లలు నీళ్ళిచ్చి వెళ్ళిపోవాలి, పెద్దల మాటలు వింటూ నిలబడకూడదు, కానీ ఖాళీ గ్లాసులున్న పళ్ళెం చేతిలో ఉంటే నిలబడ్డ మనిషిని ఎవరూ పట్టించుకోరని ఎప్పుడో కనిపెట్టింది, ఇంకోసారి నీళ్ళు కావాలంటే అని ఒక సాకు. అమ్మమ్మ మొదలుపెట్టింది, ఇక్కడ అంతా చల్లగానే ఉంది, దారి నడిచి వచ్చింది మీరు, మీ సంగతి చెప్పండి, ద్వొమో తాత దాన్ని అందించాడు, అందించేటప్పుడు ఆయన గొంతు పాటలా ఉంటుంది, బెదియాకో గొంతు సవరించుకున్నాడు, స్నాప్స్ అనే సారా సీసా ఒకటి, క్షమాపణకి తెచ్చింది, ముందు పెట్టాడు, మొదలుపెట్టాడు, అబ్బ ఎంత బాగా మాట్లాడుతున్నాడు, సర్పాంగ్ అనేవాడు మీ కడుపున పుట్టినవాడు, పక్షి ఎంత ఎగిరినా అని ఏదో అన్నాడు, నాలుక జారింది, నాలుకకి ఎముక లేదు సెబే, మూడేళ్ళు తను తిన్న ముద్ద గొంతు దిగలేదు, ఇంటి బయట కూర్చున్నవాడికి వాన ఎక్కువ, ఇంకా ఇంకా, అచియా తల ఊపుతూనే ఉంది, ఒప్పుకో అమ్మమ్మా, ఒప్పుకో, ఇంత బాగా చెప్పాక ఎవరు ఒప్పుకోరు, చిన్నమ్మమ్మ కూడా ఒప్పుకుంటోంది, కళ్ళు తుడుచుకుంటోంది, ఆ గది చిన్నమ్మమ్మకే వచ్చింది మరి. అమ్మమ్మ ఒక్కతే, చేతులు ఒళ్ళో, ముఖం తలుపేసిన ఇల్లులా. అచియాకి ఆ ముఖం తెలుసు. అన్నం తింటూ పాట పాడినప్పుడు, ఎవరింట్లోనో ఆకలేస్తోందని పైకి అన్నప్పుడు, నిన్న ఇచ్చిన దానికి ఇవాళ పొద్దున్నే వెళ్ళి మళ్ళీ కృతజ్ఞత చెప్పకుండా స్కూలుకి పోయినప్పుడు, ఆ ముఖం. ఎప్పుడూ చెయ్యెత్తదు, కళ్ళు కొంచెం చిన్నవి చేస్తుంది అంతే, దాంతోనే రెండు రోజులు ఒళ్ళు నొప్పులు.

"ద్వొమో," అంది అమ్మమ్మ. "వాడికి చెప్పు. నన్ను ఆ మాట అన్నప్పుడు వాడి నోరు వాడి దగ్గరే ఉంది. దానికి ఎవరినీ వెంట తెచ్చుకోలేదు. ఇప్పుడు వేడుకోవడానికి మాత్రం ఇంకొకరి నోరు కావలసొచ్చింది. ఈ పెద్దమనిషి బాగా మాట్లాడాడు. అబ్బాయి ఎవరోగాని మంచి తల్లి పెంపకం. నేను విన్నాను. నీళ్ళు తాగారు. దారి ఎక్కడుందో వాళ్ళకి తెలుసు."

దీన్ని చల్లార్చడం ఎలా, ఎంత ఊదినా చల్లారదు, ద్వొమో తాత తన చేతికర్ర కేసి చూసుకుంటున్నాడు, మాటలు వెతుక్కుంటున్నాడు, ఆ వెతుకులాట ఎంతసేపు, ఆయన పలికేదాకా ఆ మాట మామయ్యకి అందనట్టే లెక్క, అందాక వెళ్ళిపోవలసిందే, మామయ్య తల వంచుకునే ఉన్నాడు, అప్పుడే చెయ్యి స్నాప్స్ సీసా పక్క నుంచి వెనక్కి తీసుకుంటున్నాడు, వెళ్ళిపోతున్నాడు, వెళ్ళిపోతే మరి రాడు, అమ్మకి ఉన్నది ఒక్క అన్న, ఇంత పెద్దవాళ్ళు ఇన్ని మాటలు మాట్లాడుతున్నారు, అసలు సంగతి ఒక్కరికీ తెలియదు, ఒక్కరికీ, పళ్ళెం ఎప్పుడు కింద పెట్టిందో తెలియదు, నడిచి వచ్చిందో పరిగెత్తిందో తెలియదు, వసారా మధ్యలో ఉంది, పెద్దలందరి మధ్యలో, తన గొంతు తనకే వినిపించింది, సన్నగా, చాలా గట్టిగా.

"అమ్మమ్మా, సెబే, మామయ్య రాకపోవడం ఆయన మాట వల్ల కాదు, సెబే, నా ఎడమ చేతి వల్ల. ఆ రోజు చెప్పులు నేనిచ్చాను. గేటు దగ్గర. ఫుఫు తింటున్నాను, కుడి చేతికి పులుసుంది, అందుకని, సెబే, ఎడమ చేత్తో ఇచ్చేశాను. ఇల్లు పొమ్మందనుకున్నాడు మామయ్య. ఇల్లు పొమ్మనలేదు మామయ్యా. నేనే. తప్పు నాది, ఆయన్ని పంపకు."

వంటింటి గుమ్మంలో అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అచియాకి లోపల ఏదో తేలిగ్గా, ఎగిరిపోతున్నట్టు, చెప్పేసింది, మూడేళ్ళది చెప్పేసింది, ఇప్పుడు చంపితే చంపండి. మామయ్య తలెత్తాడు. మొదటిసారి ఆమెని చూశాడు, పూర్తిగా చూశాడు, ఎంత ఎదిగిందో అప్పుడే చూసినట్టు, కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి.

"ఏం చెప్పులే?" అన్నాడు. నేస్తం నోటితో కాదు, తన నోటితో. "బండెక్కి ఎంతో దూరం పోయాక చూసుకున్నాను కాళ్ళకి చెప్పులున్నాయని. నేనే తొడుక్కున్నా కాబోలనుకున్నా. ఎవరిచ్చారో, ఏ చేత్తో ఇచ్చారో నాకేం తెలీదే పిచ్చిపిల్లా."

"ఎదురుగా నిలబడ్డ పిల్ల కనబడలేదా?" అంది అమ్మమ్మ.

ద్వొమో తాత ఉలిక్కిపడి అమ్మమ్మ కేసి చూశాడు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. నేరుగా అడిగింది. తనకి తెలియకుండానే అడిగేసింది, అమ్మమ్మ, నీళ్ళు కావాలన్నా ఎవరికో అన్నట్టు అనే అమ్మమ్మ.

"కళ్ళు కనబడితే కదమ్మా," అన్నాడు మామయ్య. నేల కేసి చూస్తూ అన్నాడు. "ఏడుస్తున్నాను. ఆ మాట అన్నప్పట్నుంచీ ఏడుస్తూనే ఉన్నా, గేటు దాకా, స్టేషను దాకా. బండివాడు చిల్లర చేతిలో పెట్టి, అన్నా ఎవరు పోయారు అన్నాడు. మా అమ్మ అన్నాను."

అచియా అమ్మమ్మ ముఖం కేసి చూసింది, సూటిగా, కళ్ళలోకి, చూడకూడదని గుర్తే లేదు. చూస్తే ఆ ముఖం ఏదో చేసుకుంటోంది, పెదవులు లోపలికి లాక్కుంటోంది, గడ్డం అటూ ఇటూ, అమ్మమ్మ అలా చెయ్యడం ఎప్పుడూ చూడలేదు, భయమేసింది, సంతోషమేసింది, రెండూ ఒకేసారి ఎలా వేస్తాయి, కాని వేశాయి. చిన్నమ్మమ్మ దగ్గింది. అమ్మమ్మ బట్ట అంచు తీసి ముఖం ఒకసారి తుడుచుకుంది, చెమట తుడుచుకున్నట్టే తుడుచుకుంది, నిటారుగా కూర్చుంది.

"ద్వొమో," అంది. "ఆ పిల్లకి చెప్పు."

ఏ పిల్లకి. అచియా చుట్టూ చూసింది. ఇంకో పిల్ల లేదు. రోజూ పేరు పెట్టి కేకేసి, చెవి పట్టుకుని, వీపు మీద పొడిచి చెప్పే అమ్మమ్మ, తనకి, అచియాకి, మనిషి చేత చెప్పిస్తోంది, పెద్దవాళ్ళకి చెప్పించినట్టు, సున్యాని నుంచి వచ్చిన అతిథికి చెప్పించినట్టు.

"పెద్దల మాటల్లోకి పిలవకుండా వచ్చింది. అది తప్పు. సెబే మాత్రం మరచిపోలేదు, అది విన్నాను. అయినా తప్పు తప్పే. తప్పుకి ఏం చెల్లిస్తుందో అడుగు."

ద్వొమో తాత కర్ర మీద చెయ్యి మార్చి, మొత్తం ఒళ్ళు అచియా వైపు తిప్పి, రాజు కొలువులో ఉన్నంత గంభీరంగా ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పాడు, ఊది చల్లార్చి చెప్పాడు, ఈ ఇంటి ముద్దు బిడ్డా, నిన్ను కన్నవాళ్ళని పెంచిన అమ్మ ఇలా అంటోంది అని. అచియా జవాబు చెప్పాలి, కానీ నేరుగా చెప్పకూడదు, ద్వొమో తాత అమ్మమ్మ మనిషి, ఆయన ద్వారా చెబితే అది ఆమె మాటవుతుంది, తనకో మనిషి కావాలి, తనకెవరున్నారు, పదకొండేళ్ళ పిల్లకి ఎవరు నోరవుతారు, అమ్మ వంటింట్లో ఉంది, ఆడవాళ్ళు ఒకరి తరఫున మాట్లాడవచ్చా, బెదియాకోగారు పరాయివాడు.

బల్ల కిర్రుమంది. మామయ్య లేచాడు. దించిన బట్ట అలాగే నడుముకి, ఉత్తి కాళ్ళతో, వచ్చి అచియా పక్కన నిలబడ్డాడు. బట్టలో దుమ్ము వాసన, డీజిల్ వాసన, మూడేళ్ళ కింది వాసనే.

"ద్వొమో తాతా, ఈ పిల్ల తరఫున నేను మాట్లాడతాను," అన్నాడు. "మేనమామని. దీని తప్పు నాదే అవుతుంది. చెప్పించండి."

అమ్మమ్మ కాదనలేదు. ద్వొమో తాత సరేనని తల ఊపాడు, మామయ్య వంగి చెవి అచియా నోటి దగ్గర పెట్టాడు, అచియా కాళ్ళ వేళ్ళ మీద లేచింది, ఏం చెప్పాలి, ఇంట్లో చిన్న తప్పులకి గుడ్డు ఇస్తారు, కోడిగుడ్డు, తనకి తెలుసు, క్రిందటేడు బంధువుల పిల్ల తగువులో చూసింది, ఒక గుడ్డు తెచ్చి పెద్దల ముందు పెట్టి తప్పు అయిపోయింది అనుకుంటారు, ఒక గుడ్డు చాలు, కానీ చాలదు, ఎందుకు చాలదో ఒక్కసారిగా తట్టింది, ఎంత గబగబా తట్టిందంటే చెవిలో చెబుతుంటే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఉమ్మి మామయ్య చెవి మీద పడింది.

మామయ్య నిటారుగా లేచాడు. చెప్పబోయి ఆగాడు. అందరూ చూస్తున్నారు. ఏం కలపకూడదు, తీసెయ్యకూడదు, ఏం చెప్పారో అదే చెప్పాలి, నువ్వే నేర్పావు మామయ్యా, చెప్పు.

"పిల్ల అంటోందీ," అన్నాడు మామయ్య, గొంతు బొంగురుగా, "రేపు పొద్దున్న రెండు గుడ్లు తెస్తానంటోంది. ఒకటి తన తప్పుకట. ఇంకోటి నా తప్పుకట."

ద్వొమో తాత అమ్మమ్మ కేసి తిరిగి ఆ మాటని అందించబోయాడు. అమ్మమ్మ చెయ్యి పైకెత్తి ఆపింది.

"రెండూ తీసుకుంటాను," అంది, మామయ్యతోనే. "తెల్లారేసరికి నువ్వే ఇక్కడుండి, నీ చేత్తో తీసుకొచ్చి ఇవ్వు."